తిరిగి రావడానికి కారణం: బావి

ఇంకా తప్పు నాదే అంటున్నారు. సరే, ఫారంలో ఆ గడి ఖాళీగా వదిలింది నేనే. కానీ నా స్థానంలో ఎవరున్నా అదే చేసేవారని ఇప్పటికీ వాదిస్తాను. ఈ విషయం మీద రెండు వాట్సాప్ గ్రూపుల్లోంచి బయటికి కూడా వచ్చేశాను.

విజయవాడలో ఒక టూర్ కంపెనీలో నేను టూర్ లీడర్‌ని. తెలుగు క్రైస్తవుల్ని యెరూషలేము యాత్రకు తీసుకెళ్లి, అందర్నీ లెక్కపెట్టి వెనక్కి తేవడం నా పని. అక్కడ యుద్ధం వచ్చి టూర్లు ఆగిపోయాక ఆ వృత్తి నుంచి రిటైరయ్యాను. ముప్పై నిండకుండా రిటైర్మెంటేమిటని నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు.

అంతకు ముందు ఒక నవంబరులో నన్ను మార్కాపురం, కంభం వైపు వెరిఫికేషన్‌కు పంపారు. గ్రూపు వీసా మీద వెళ్లినవాడు మధ్యలో మాయమై అక్కడే ఏదో పనిలో చేరిపోతే మా లైన్లో దాన్ని ‘జంప్’ అంటారు. ఒక్కడు జంపైతే కంపెనీ తర్వాతి గ్రూపులకు వీసాలు కష్టం, టూర్ లీడర్ ఉద్యోగం అంతకన్నా కష్టం. అందుకే ముందే ఇంటికి వెళ్లి చూసి ఫారం నింపాలి. అందులో చివరి గడి ‘తిరిగి రావడానికి కారణం’. పొలం, చదువుకునే పిల్లలు, ఉద్యోగం, ఇలాంటివి రాస్తాం.

అర్ధవీడు దగ్గర ఒక పల్లెలో చర్చి సంఘమంతా కలిసి ఒక మనిషిని పంపుతున్నారు. ఎవరన్నది చీటీ తీశారు. పాస్టరుగారి పేరు వస్తుందని అందరూ అనుకుంటే దేవదానం పేరు వచ్చింది. అరవై దాటిన మనిషి, బావులు తవ్వడమే జీవితాంతం పని. భార్య లేదు, పొలం లేదు, కొడుకు బెంగుళూరులో కట్టడాల పనిలో ఉన్నాడు.

“అంకుల్, మీరు తిరిగి రావడానికి ఏదైనా కారణం చెప్పండి” అన్నాను.

“అంకులేంది పాపా, పెదనాయనా అను. కారణమా? బాయి ఉంది గదా.”

చర్చి ముందర సగంలో ఆగిన బావి చూపించాడు. పదకొండు బారల దగ్గర పని ఆపించారట. చేతులు రెండూ చాచినంత పొడవు ఒక బార. చేత్తో ఇంతకన్నా లోతు తవ్విన బావి ఏ దేశంలోనూ ఉండదని, బోరు వేయిద్దామని పాస్టరుగారి మాట. ఇంకో మూడు బారలు పోతే నీళ్లు పడతాయని ఈయన మాట. మా యాత్రలో చూపించే బైబిలు కాలపు యాకోబు బావి ఎంత లోతుందో ఈయన చూసి వచ్చి చెప్పాక తేల్చుకుందామని సంఘం తీర్మానం. ఆయన ఇదంతా చెబుతుంటే నేను ఫోన్లో సిగ్నల్ వెతుక్కుంటున్నాను. గడి ఖాళీగా ఉంచి, మా ఆఫీసు కాపీలో మాత్రం పక్కన ‘నిఘా అవసరం’ అని రాశాను.

ఫిబ్రవరిలో ముప్పై నలుగురితో బయలుదేరాం. పాస్‌పోర్టులన్నీ నా బ్యాగులో, నా కళ్లు దేవదానం మీద. ఆయన అడిగే ప్రశ్నలు కూడా అలాగే ఉండేవి. ఇక్కడ కూలీలు ఎక్కడుంటారు, రాయి ఏ పనిముట్టుతో కొడతారు, రోజుకెంత లోతు పోతారు. ప్రతి ప్రశ్నా నా అనుమానానికి ఒక రుజువు.

అయిదో రోజు గలిలయ నుంచి బేత్లెహేముకు వెళ్తూ నబ్లూసులో ఆగాం. బైబిల్లోని షెకెము అక్కడే. మా లోకల్ గైడు ఇజ్రాయెల్ యూదుడు, పాలస్తీనావాళ్ల చేతిలో ఉన్న ఆ పట్టణంలోకి అతనికి అనుమతి లేదు. చెక్‌పోస్టు దగ్గరే దిగిపోయాడు. కాబట్టి చెప్పాల్సింది నేనే. ఫోన్ చూసి చదివాను.

చదివింది మాత్రం సరిగ్గానే చదివాను. యాకోబు షెకెములో పొలం కొన్నాడని ఆదికాండంలో ఉంది, బావి తవ్వాడని లేదు. బావి మాట యోహాను సువార్తలో వస్తుంది. ప్రభువు అలిసి కూర్చుంటే, నీళ్లకు వచ్చిన సమరయ స్త్రీ బావి లోతు గురించి మాట్లాడుతుంది. పుణ్యస్థలాల్లో చాలావాటికి ఇదే అసలుది అంటూ రెండో మూడో చోట్లు పోటీపడతాయి. దీనికి అంత గొడవ లేదు. యూదులు, సమరయులు, క్రైస్తవులు, ముస్లింలు అందరూ ఇదే యాకోబు బావి అంటారు. సమాధిని ఇంకోచోట చూపించవచ్చు గానీ, రాతిలో అంత లోతు తవ్విన బావిని జరపడం ఎవరివల్లా కాదు. పైన గుడులు కట్టారు, కూలాయి, మళ్లీ కట్టారు. బావి అక్కడే ఉంది.

ఇప్పుడున్నది గ్రీకు చర్చి. బావి దాని కింద నేలమాళిగలో, గిలకతో, బొక్కెనతో. ఇరుకు చోటు కాబట్టి పదిమంది చొప్పున దించి, నీళ్లు తాగించి పైకి తెచ్చాను. బస్సులో లెక్కపెడితే ముప్పై ముగ్గురు. మళ్లీ పెట్టాను. ముప్పై ముగ్గురే. దేవదానం సీటు ఖాళీ.

“ఆయన మెట్ల దగ్గర నిలబడినాడమ్మా” అని వెనక సీట్లోంచి మార్కాపురం టీచరమ్మ ఏదో చెప్పబోయింది. నేను వినలేదు. రోడ్డు మీదికి పరిగెత్తి రొట్టెల దుకాణంలో చూశాను, టాక్సీ స్టాండులో చూశాను. తర్వాత మా మేనేజరుకు మెసేజ్ పెట్టాను: ‘అర్ధవీడు జంప్. ముందే చెప్పాను.’ రెండు టిక్కులూ వెంటనే నీలం అయ్యాయి. ఆ పట్టణంలో ఆయనకు పనెవరిస్తారని మీరు ఇప్పుడు అడుగుతున్నారు. అప్పుడెవరైనా అడిగుంటే నేనూ ఆలోచించేదాన్ని.

ఆ మెసేజ్ చిన్న విషయం కాదు. రిపోర్టు లోకల్ ఆపరేటరుకు వెళ్తే, తర్వాత మనిషి దొరికినా గదిలో కూర్చోబెట్టి మొదటి విమానంలో వెనక్కి పంపిస్తారు. సగం యాత్ర చేసి ఆయన ఏ మొహంతో సంఘం ముందు నిలబడాలి?

చివరికి నేలమాళిగలోకి దిగాను. దేవదానం బావి గట్టు దగ్గర తాడు లాగుతున్నాడు. నల్ల అంగీ వేసుకున్న ముసలి సన్యాసి, పక్కన నిలబడి తడి తాడును చుట్ట చుడుతున్నాడు. ఒకరి భాష ఒకరికి రాదు. ఈయన చేతులు చాచి బార కొలిచినప్పుడల్లా ఆయన తన భాషలో ఒక అంకె చెబుతున్నాడు.

నేను అరిచాను. సన్యాసి నన్ను కాక నా ఫోన్ని చూసి, లోపల పెట్టమని వేలు చూపించాడు.

“ఉండు పాపా, లెక్క తప్పుతాది” అన్నాడు దేవదానం. బొక్కెన పైకి వచ్చాక చెమట తుడుచుకున్నాడు. “ఇరవై దాటినాది. పైన రాతికట్టు, కింద అంతా రాయి తొలిచిందే. ఎవురో గాని మంచి పనోడు.”

“లోతు నా ఫోన్లోనే ఉంది కదా. అడిగితే చెప్పేదాన్ని.”

“నీ ఫోను చెప్పిందంటే మా పాస్టరు అయ్యగారు నమ్మడు. నా చేతుల్తో కొలిచినానంటే ఎవురు కాదంటారు?”

“నమ్మినా, ఆయన తవ్వనిచ్చే రకమేనా?”

“అదే గదా. యాకోబుకు అయ్యగారు లేడు, ఇంత లోతు పోయినాడు.”

మెట్లెక్కుతూనే మేనేజరుకు ఫోన్ చేశాను. ఆయన అప్పటికే రిపోర్టు టైపు చేయించాడు, ఇంకా పంపలేదు. నేను తప్పు ఒప్పుకున్నాను, జీవితంలో అది రెండోసారి. ఆపుతాను గానీ ఒక షరతు అన్నాడు. మిగిలిన రోజులు రెండు గంటలకోసారి దేవదానంతో కలిసి ఫోటో దిగి పంపాలి. అలా బేత్లెహేములో, ఒలీవల కొండ మీద, యొర్దాను ఒడ్డున, హోటల్లో ఇడ్లీ లేదని ఆయన అలిగిన బల్ల దగ్గర, అన్నిచోట్లా మేమిద్దరం. ఆయన ప్రతి ఫోటోలో నవ్వాడు. నేను ఒక్కదాంట్లోనూ నవ్వలేదు.

వేసవిలో ఇంకో వెరిఫికేషన్‌కు కంభం వెళ్లి, అటు నుంచి ఆ పల్లెకు పోయాను. చర్చి గోడకు ఆ ఫోటోలన్నీ వరసగా అంటించి ఉన్నాయి. యాత్రకు వెళ్లలేనివాళ్ల కోసమట.

“ప్రతిదాంట్లో ముఖం మాడ్చుకోనుండే ఈ పిల్ల ఎవురయ్యా అని సంఘమంతా నన్ను అడిగింది” అన్నారు పాస్టరుగారు. “ఇంగ ఆ మూడు బారలంటావా, లోతు లెక్క విని ఒప్పుకోలేదు. ఈయన నస పడలేక ఒప్పుకున్నా.”

బావి పద్నాలుగు బారలైంది. అడుగున నడుం లోతు నీళ్లు. దేవదానం కిందనే ఉన్నాడు, పూడిక తీస్తూ. “ఫోను జాగర్త పాపా, ఇందులో పడితే నేను తియ్యను” అని లోపల్నుంచి వినిపించింది.

ఈ సంగతి నాకు నేర్పినవి రెండు. మెసేజ్ పెట్టేముందు నేలమాళిగ కూడా చూడాలి. మనిషిని వెనక్కి లాక్కొచ్చేది పొలమో పిల్లలో కానక్కర్లేదు, సగంలో ఆగిన పని చాలు. రెండూ ఒప్పుకుంటున్నాను. కానీ ఆ నవంబరులో, ఆ ఎండిన గుంత పక్కన నిలబడి, అవతల వీసా ఆఫీసు చదివే ఫారంలో, తిరిగి రావడానికి కారణం ‘బావి’ అని మీరైతే రాసేవారా?