సరంగు వాటా

నా పేరు పోలమ్మ. డెబ్బై దాటాయి. ఎంత దాటాయో ఆధార్ కార్డుది ఒక లెక్క, నాది ఒక లెక్క. విశాఖపట్నం ఫిషింగ్ హార్బరు దగ్గర చిన్న ఇంట్లో నేనూ, నా కొడుకు కన్న మనవరాలూ ఉంటాం. గోడ అవతలి ఇల్లు మా మరిదిది. ఆ మరిది రెండు వారాల కిందట పోయాడు. తెల్లారి టీ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకి చేరగిలబడ్డాడు. మళ్ళీ లేవలేదు. హార్బరులో తెలిసినవాళ్ళందరికీ కబురు వెళ్ళింది. తెలియనివాళ్ళకి ఇప్పుడు నేను చెబుతున్నాను. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. రాయడం నీ పని, దిద్దడం మాత్రం వద్దని దానికి ముందే చెప్పాను.

చావింటికి వచ్చినవాళ్ళు ఒక మంచి మాట చెప్పి వెళ్ళాలి. కొందరు మా అరుగు మీదే కూర్చుని వేరే మాటలన్నారు. "అంత సరంగు, ముసలితనంలో కంప్యూటరాటల్లో పడిపోనాడు" అని ఒకడు. "ఆ గుంటని కూడా సెడగొట్టినాడు" అని ఇంకొకతె, నా మనవరాల్ని. నా చెవులు ఇంకా బాగానే పనిచేస్తున్నాయి. వాళ్ళకీ మీకూ కలిపి చెబుతున్నాను. మా మరిది ఆటల్లో పడ్డాడు. పడితే ఏం? తాగి రోడ్డు మీద పడలేదు, ఒకరి కొంపకి పోలేదు. పోయేముందు ఒక పని పెట్టుకున్నాడు, దాన్ని నిలబెట్టాడు. ఇప్పుడు ఆ పనిని ముక్కలుగా విప్పేద్దామంటున్నారు. నేను ఒప్పుకోను. ఎందుకు ఒప్పుకోనో వినండి.

సరంగంటే బోటు నడిపేవాడు. ఎంత దూరం పోవాలో, ఎక్కడ వల వెయ్యాలో, గాలి మారితే ఎప్పుడు వెనక్కి తిప్పాలో చెప్పేవాడు. గుండె దెబ్బ తిన్నాక డాక్టరు ఇక సముద్రం మీదికి వెళ్ళొద్దన్నాడు. అప్పటినుంచి ఇంట్లో కూర్చుని అందరితో తగువే. కూరలో చింతపండు ఎక్కువైనా తగువు, పక్కింటి కోడి కూసినా తగువు. అలాంటి రోజుల్లో మనవరాలు మొహం వేలాడేసుకుని ఇంటికొచ్చింది.

అది పగలు బట్టల షాపులో పనిచేస్తుంది. సాయంత్రం ఫోనులో ఆటలాడుతూ, ఆడుతున్నంతసేపూ మాట్లాడుతూ, ఆ ఆటనీ మాటనీ నెట్లో పెడుతుంది. వినేవాళ్ళు చాలామందే ఉన్నారు. కానీ ఫోను వేడెక్కి మధ్యలో ఆగిపోయేది. ఆట ఆడనిస్తూనే గొంతు కూడా రికార్డు చేసే కంప్యూటరు కావాలని షాపుకి వెళ్తే, వాళ్ళు చూపించినదానికీ దీని జీతానికీ పొంతన లేదు.

"అన్నీ ఒకేసారి కొనమని ఎవడన్నాడే?" అన్నాడు మరిది. "ముందు బోటు కడదాం. వల తరవాత సూద్దాం. వదినా, నువ్వూ రా. బేరం నీది."

పూర్ణా మార్కెట్లో ఇన్నేళ్ళు చేపలమ్మిన నోరు నాది. వెళ్ళాను. ఒక షాపువాడు గాజు తలుపున్న పెట్టె చూపించాడు, లోపలంతా రంగురంగుల లైట్లు. మరిది చుట్టూ తిరిగి చూశాడు.

"ఈ లైట్లు తీసేత్తే ఆట ఆగిపోద్దేటి, బాబూ?"

"ఆగదండీ. అది లుక్కు కోసం."

"లుక్కు మా గుంటకుంది. ఆ డబ్బు పవర్ సప్లైలో పెట్టు. అది పోతే అన్నీ పోతాయన్నాడు ఇందాక ఆ సివర షాపోడు."

ప్రతి షాపులోనూ అతను అడిగేది ఒకటే: "నీ సొంత సెల్లికయితే ఏది పెడతావు?" కొందరు నవ్వి, ముందు చూపించిందే మళ్ళీ చూపించేవాళ్ళు. ఒకతను మాత్రం బల్ల మీద పెట్టిన డబ్బా తీసి లోపల పెట్టేసి, కింద అరలోంచి వేరేది తీశాడు. మేము అతని దగ్గరే కొన్నాం.

మనవరాలికి పెద్ద గ్రాఫిక్స్ కార్డు మీద మనసు. ఆటలో బొమ్మలు తడబడకుండా కదలాలంటే ఆ కార్డు ఉండాలట. మరిది దాని చెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు. "నీ తెరెంతే? ఆ తెర మీద అంత కార్డు సూపించేదేటి? మన తెప్పకి ట్రాలరు ఇంజను కడతావేటి?" అది కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అతను కరగలేదు. కార్డు తరవాత అన్నాడు, అంతే. అప్పటికి ప్రాసెసరులోనే బొమ్మలు చూపించే ఏర్పాటున్నది తీసుకుని, చిన్న ఆటలతో నడపమన్నాడు.

ఇక్కడ మా పద్ధతి ఒకటి చెప్పాలి. వేట నుంచి బోటు వచ్చాక అమ్మిన సొమ్ము వాటాలు పడుతుంది. బోటుకి, వలకి, ఎక్కిన ప్రతి మనిషికి. సరంగుకి మాత్రం ఒక వాటా ఎక్కువ. అతను వల తేకపోయినా, ఇంజను కొనకపోయినా, ఎటు పోవాలో తెలిసినందుకు ఆ వాటా. మరిది కంప్యూటరునీ అలాగే కట్టాడు. ప్రాసెసరూ బోర్డూ తెరా మనవరాలి జీతంలోంచి. మైకు నా చేపల బుట్టలోంచి. కొన్నాళ్ళకి మరిది తన కొడుకుని పిలిచి, "నువ్వూ వాటాకి రారా" అన్నాడు. వాడు కూర్మన్నపాలెంలో ఉన్న స్నేహితుడి దగ్గర వాడిన గ్రాఫిక్స్ కార్డు తెచ్చిచ్చాడు. మరిది దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని అటూ ఇటూ వాసన చూశాడు. ఇంజను కొనేటప్పుడు చూసినట్టే. "మాడిన కంపు లేదు. బిగించీ."

అతను తప్పు చెయ్యలేదని నేననను. మా దగ్గర ఉప్పుగాలి ఇనుముని నమిలేస్తుంది. ఇంజను పెట్టెని మేము ఎలా కప్పుతామో ఈ పెట్టెనీ అలాగే కప్పాడు. కన్నం అన్నదల్లా గుడ్డ పెట్టి మూసి, అంచులకి గ్రీజు పూశాడు. పెద్ద ఆట మొదలుపెట్టిన కాసేపటికే పెట్టె కాలిపోయేంత వేడెక్కి, ఢామ్మని ఆరిపోయింది. మనవరాలు అతని మీద పడింది. "బాబయ్య తాతా! ఇది గాలి పీల్సుకోవాలి! నువ్వు పీక నొక్కేసినావు!" అతను తల గోక్కున్నాడు. "ఉప్పుకి బయపడి ఊపిరాపేసినానేటే" అని, ఆ మధ్యాహ్నమంతా కూర్చుని గ్రీజు తుడిచాడు. ఆ తరవాత రోజూ పొద్దున్నే పొడిగుడ్డతో పెట్టె తుడవడం అతని పని. తుడవందే టీ తాగేవాడు కాదు.

గదిలో గొంతు గణగణమని మోగుతోందని అది అంటే, పాత వలలన్నీ తెచ్చి గోడలకి మడతలు మడతలుగా వేలాడేశాడు.

"తాతా, గదంతా సేపల కంపు!"

"మైకుకి ముక్కు లేదు గదే. నువ్వు మాటాడు."

ఎవరో దానికి రాశారట, మాట మార్చుకో, మీ యాస నవ్వులాటగా ఉంది అని. అది రెండు రోజులు మైకు ముందు కూర్చోలేదు. మరిది వెళ్ళి కుర్చీ లాగి కూర్చోబెట్టాడు. "మనం మాటాడే మాటకి లైసెన్సు కావాలేటే? నవ్వినోడు నవ్వనీ. ఇనడానికే గదా వచ్చినాడు." అది మాట్లాడింది. ఇప్పుడు ఆ మాట కోసమే వస్తున్నారు. వినేవాళ్ళ వల్ల దానికి డబ్బులొస్తున్నాయి, ఇల్లు గడవడానికి దాని చెయ్యి అందుతోంది కూడా. ఇదీ అతను చెడగొట్టిన పిల్ల.

దినకర్మ అయిన మర్నాడు మరిది కొడుకు స్క్రూడ్రైవర్ పట్టుకుని వచ్చాడు.

"పెద్దమ్మా, నా కార్డు నాను తీసుకుంటాను. బోటు ఇంజను రిపేరుకొచ్చింది. కార్డు కొంటానని ఒకడన్నాడు."

వాడి ఇబ్బంది నిజమే. వాడు చెడ్డవాడు కాదు. అయినా నేను లేచి పెట్టెకి అడ్డంగా కూర్చున్నాను. ఆ కార్డు పోతే పెద్ద ఆటలు పోతాయి, ఆటలు పోతే వినేవాళ్ళు పోతారు.

"ఒరే, బోటు సరంగు వేట మద్దిలో పోనాడనుకో. బోటు ఇప్పుతార్రా?"

"ఇప్పరు."

"ఏటి సేత్తారు?"

"వేట నిషేదం వచ్చేదాకా బోటు తిరుగుద్ది. ఆడి వాటా ఆడింటికి అంపుతారు."

"మరి?"

"అది బోటు పెద్దమ్మా. ఇది డబ్బా."

"డబ్బాకి కార్డెందుకిచ్చినావు?"

"నాన వాటాకి రమ్మన్నాడు గనక."

"వాటాకి వచ్చినోడివి వేట మద్దిలో వల పీక్కుని పోతావేట్రా? మీ నాన వాటా ప్రతి ముక్కలోనూ ఉంది. నిషేదం వచ్చేదాకా ఇది తిరుగుద్ది. వచ్చేది నీ ఇంటికీ వత్తాది. కాదంటే నన్ను ఎత్తి అవతల పెట్టి తీసుకో."

వాడు నన్ను ఎత్తలేదు. వెళ్ళనూ లేదు. ఏటా వేసవిలో సర్కారు వేట ఆపిస్తుందే, ఆ నిషేధం వచ్చాక మళ్ళీ అడగొచ్చు, అప్పుడు నేనూ మళ్ళీ చెబుతాను.

ఇంతలో మనవరాలి వేళయింది. జనం ఎదురుచూస్తారని మైకు ముందు కూర్చుని ఆట పెట్టింది. తెర మీద తుఫాను, ఇంతెత్తు అలలు, మధ్యలో ఒక ఓడ. వాడు గుమ్మంలో ఆగాడు. కాసేపు చూశాడు. ఉండబట్టలేకపోయాడు.

"ఒసే, అడ్డంగా తిప్పకే! బోల్తా కొట్టేత్తాది!"

"సిన్నాన్నా, మైకు ఆన్‌లో ఉంది!"

"ఉండనీ! ముందు ముక్కు అలకి పెట్టు! ఆ... అలాగ... ఇంజను తగ్గించు, తగ్గించు!"

స్క్రూడ్రైవరు చంకలో ఇరికించుకుని, లేని చుక్కానిని రెండు చేతులా తిప్పుతూ, వాడు ఆ వలల మధ్య కాళ్ళు ఎడం చేసి నిలబడ్డాడు.

ఇది నేను చెప్పగా రాసింది, చదివించుకుని విన్నాను. పోలమ్మ ఎడమ బొటనవేలి ముద్ర.

ముద్ర వేస్తుండగా చూసినవారు: ఐసు బండి ఎర్రయ్య, ఎదురింటి అప్పలనరసమ్మ.