వడ్ల గదిలో సర్వర్

మా ఇంట్లో వడ్లు పోసే గది ఖాళీ అయి చాలా ఏళ్లయింది. అందులో ఇప్పుడు ఒక సర్వర్ పెట్టె ఉంది. నెలనెలా ఇంత అని కడితే ఏదో ఒక కంపెనీ ఫొటోలన్నీ దాచిపెడుతుంది. కానీ మా వంశం ఫొటోలు పరాయివాళ్ల జాగాలో కిరాయికి ఉండటమా? భూములు పోయినా ఆ పట్టింపు పోలేదు. పెట్టె కొని, ఫొటోల యాప్ నేనే ఎక్కించుకుని, పాత ఆల్బములన్నీ స్కాన్ చేసి అందులో పోశాను. కరెంటు పోతే ఇన్వర్టర్ ముందు దానికే.

“మనుషులు ఉక్కకు సస్తున్నరు, డబ్బాకేమో కరెంటు!” అంటుంది నా భార్య.

ఆ యాప్ ముఖాలు గుర్తుపట్టి ఎవరి ఫొటోలు వారికి వేరు చేస్తుంది. అందరికంటే ఎక్కువ మా తాతవి వచ్చాయి. ఛాతీ పొంగింది. తెరిచి చూస్తే, నా పెళ్లిలో, కొడుకు పుట్టినరోజున, కొత్త ఫ్రిజ్ పక్కన, ఎప్పుడో పోయిన తాత అంతటా హాజరు. గోడ మీది పటాన్ని కూడా అది మనిషి కిందే లెక్కేసింది.

“తప్పేముంది? మీరు గూడ గట్లనే గద, గోడకు ఆనుకొని మీసం దువ్వుడు,” అంది నా భార్య.

ఒకరోజు మా ఊరి మగ్గం నేసే మిత్రుడు వచ్చాడు. వాళ్లమ్మ పోయింది. మర్నాడు దినం, పెట్టడానికి పటం లేదు. ఉన్నదల్లా ఆధార్ కార్డులోని ఫొటో.

“గా కార్డుల మా అమ్మ దొంగలెక్క ఉన్నది పటేలా. మీ ఇంట్ల ప్రతి కార్యానికి చీరెలు, పంచెలు తనే తెచ్చేది. యాడనన్న ఫొటోల పడ్డదేమో జర సూడు.”

“నా దగ్గర లేనిదంటూ ఉండదు,” అన్నాను నడుము నిటారుగా పెట్టి.

కార్డులోని ఫొటో ఎక్కించగానే యాప్ ఆమెను పట్టుకుంది. ఒక ఫొటోలో మా మేనత్త భుజం వెనక, ఇంకోదాంట్లో సగం ముఖం. స్పష్టంగా ఉన్నది ఒక్కటే. తాత వర్ధంతి రోజు పటాన్ని కుర్చీలో పెట్టి దండ వేశాం. కుర్చీని ఆనుకుని నేల మీద కూర్చున్న ఆమె, పంచెల మూట విప్పుతూ నవ్వుతోంది.

అతడు తెర మీదికి వంగాడు.

“గిదే. గిట్లనే నవ్వేది. మీ తాతను తీసెయ్యి పటేలా.”

మా తాతను తీసెయ్యమని ఈ ఇంట్లో ఇంతవరకు ఎవరూ అనలేదు. భూములు తీసుకున్నవాళ్లు కూడా పటం జోలికి రాలేదు. అతని కళ్లు చూసి నేనే కత్తిరించాను. అయినా మీసం కొస ఒకటి మిగిలింది. ఇంకా కోస్తే ఆమె చెవి పోతుంది.

ప్రింటు చేతికివ్వగానే అడిగాడు, “గీ అంచుకు నల్లగ ఏంది పటేలా?”

“నీడ,” అన్నాను.