బాతుల గట్టు మీద కుక్క

మా పాప చెయ్యి కుక్క వీపుకి జానెడు దూరంలో ఉండగా చూశాను. కుక్క వరండాలో నిద్రపోతోంది. పాప రెండుసార్లు పిలిచినా కదల్లేదు. నేను వంటింట్లోంచి "వద్దు" అనేలోపు చెయ్యి దాని మీద పడింది. కుక్క ఉలిక్కిపడి లేచి కరవబోయింది. గౌను అంచు చిరిగింది. పాప ఒంటి మీద గీత పడలేదు. మరుక్షణం కుక్క గోడకి అతుక్కుపోయి వణకడం మొదలుపెట్టింది.

పామర్రు సెంటర్లో లారీల మధ్య, హారన్లకి బెదరకుండా నిలబడి ఉంటే గుడివాడలో మా ఇంటికి తెచ్చుకున్న కుక్క అది. ధైర్యం అనుకున్నాం. చెవుడని పశువుల డాక్టరుగారు చెప్పాక అర్థమైంది. అప్పటి నుంచి నేను దానితో చేత్తోనే మాట్లాడేదాన్ని. అరచెయ్యి కిందికి దించితే కూర్చునేది, పైకెత్తితే వచ్చేది. కానీ ఐదేళ్ళ పాప, రెండేళ్ళ బాబు తిరిగే రెండు గదుల ఇంట్లో దాని నిద్రకి కాపలా ఎవరుంటారు? ఆ రోజు గౌను. రేపు బాబు చెంప అయితే?

"వారంలో దీనికి మంచి ఇల్లు చూద్దాం. లేదంటే దొరికిన చోటే వదిలేసి రావాలి," అన్నారు మా ఆయన. హారన్ వినపడని కుక్కని లారీల మధ్య వదలడమంటే ఏమిటో ఆయనకీ తెలుసు. అందుకే నా మొహం చూడకుండా అన్నారు.

బందరులో ఒక రిటైర్డ్ మాస్టారు కుక్క కావాలన్నారని తీసుకెళ్ళాం. ఆయన దాని వెనక నిలబడి చప్పట్లు కొట్టి చూశారు.

"అంటే దొంగొస్తే దీన్ని నేను లేపాలన్నమాట. ఇంటికి కాపలా కాసే కుక్కనడిగితే, నేను కాపలా కాయాల్సిన కుక్కని తెచ్చారేంటమ్మా?"

మా ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఆదివారం పిల్లల్ని అమ్మ దగ్గర వదిలి దివిసీమ వెళ్ళాం. అవనిగడ్డ దాటాక ఒక రైతుగారు ఉంచుకుంటామన్నారు. తీరా వెళ్తే ఆయన కుక్కలు మూడూ మా దాని మీద పడబోయాయి. వెనక నుంచి ఏం వస్తోందో దానికి తెలియదు. కార్లోకి లాక్కుని తలుపేశాను. 

తిరుగు దారిలో కాలవ పక్క రోడ్డు మీద కారు ఆపాల్సి వచ్చింది. ఎదురుగా వందల బాతులు. రాలిన గింజల కోసం రోడ్డు దాటి కోసిన వరిచేలోకి దిగుతున్నాయి. మంద ఎంత దూరం ఉందో చూద్దామని మా ఆయన తలుపు తీశారు. ఆయన పక్కనుంచి కుక్క బయటికి దూకింది.

పిలిచి ప్రయోజనం లేదు. ఎన్ని బాతుల్ని చంపుతుందోనని వెనకే పరిగెత్తాను.

చేలో ఒకావిడ నిలబడి ఉంది. చేతిలో పొడుగాటి వెదురు కర్ర, దాని కొసకి ఎరువుల సంచి ముక్క. ఆవిడ కర్రని మెల్లగా కిందికి దించింది. వందల మెడలు ఒక్కసారి ఆగాయి. గట్టు మీద మా కుక్క కూడా ఆగి, కూర్చుంది.

కర్ర ఎడమకి వంగింది. మంద మొత్తం ఒంపిన నీళ్ళలా ఎడమకి తిరిగింది. కుక్క తల కూడా తిరిగింది. నేను గట్టెక్కి దాని పక్కకి చేరాను.

"మీదా అమ్మా? బాతుల్ని చూసి మొరగలేదే," అంది ఆవిడ.

"దానికి చెవుడండీ. అసలేం వినపడదు."

"ఈ గోలలో మాకు మాత్రం వినపడుద్దా?" అని చేను అవతలి చివరనున్న భర్తని చూపించింది. "మా బావతో రోజంతా చేతులతోనే మాట. తిట్టాలన్నా కర్రెత్తాల్సిందే."

పక్క చేలో మినుము మొలకెత్తి ఉంది. బాతులు అందులో పడితే ఆ రైతు మళ్ళీ ఈ చుట్టుపక్కల దిగనివ్వడట. అంతలో ఒక బాతు ఆ గట్టెక్కింది. మా కుక్క లేచి దాని ఎదురుగా నిలబడింది, అంతే. బాతు వెనక్కి దిగిపోయింది. కుక్క మళ్ళీ కూర్చుని కర్ర కొసని చూసింది. దానికి అది ఎవరూ నేర్పలేదు.

"మొరిగే కుక్కైతే బాతులు బెదిరిపోయి గుడ్లు పెట్టవు. దీన్ని మాకిచ్చేయండమ్మా," అంది ఆవిడ.

"మీరు ఎక్కడుంటారు?"

"చేలు ఎక్కడ కోస్తే అక్కడే. డేరా మాతోనే ఉంటది."

నేను వెతికింది ప్రహరీ, గేటు ఉన్న ఇల్లు. "నిద్రలో ముట్టుకోకూడదండీ, కరవబోతుంది," అన్నాను.

"ముట్టుకోం. పక్కనే నేల మీద కాలితో తడతాం. మా బావని లేపేదీ అట్టాగే."

పొద్దు వాలేదాకా గట్టు మీదే కూర్చున్నాం. ఆవిడ క్యారేజీ విప్పి, తను తినకముందే ఒక ముద్ద దాని ముందు పెట్టింది. చివరికి నేను చెయ్యి పైకెత్తి పిలిచాను. అది నన్ను చూసింది. తోక ఊపింది. తర్వాత కర్ర వైపు తిరిగింది. ఆవిడ ఫోన్ నంబరు తీసుకుని, దాన్ని అక్కడే వదిలి, నిద్రపోతున్న పిల్లల్ని అమ్మ దగ్గర్నుంచి ఇంటికి తెచ్చుకున్నాం.

పొద్దున లేవగానే పిల్లలు కుక్కేదని అడిగారు. పాప గొంతు తగ్గించి, "నేను ముట్టుకున్నందుకేనా అమ్మా?" అంది.

"కాదు. ముందే నేర్పాల్సింది నేను. ఇక్కడ నిద్రపోవాలంటే దానికి భయం, అది నిద్రపోతే నాకు భయం. అక్కడ వందల బాతులున్నాయి, ఒక్కటీ గట్టు దాటకుండా చూసుకుంటోంది. వచ్చే ఆదివారం వెళ్దాం. దాని ఎదురుగా నిలబడే చెయ్యి ఊపాలి. పనిలో ఉంటే రాదు, ఏడవకూడదు."