బొగ్గుకు పెట్టినంత వేడి

కుమారస్వామి ముప్పయ్యేళ్లు గని ల్యాబులో బొగ్గు పరీక్షలు చేశాడు. బొగ్గును ముందు నూట ఎనిమిది డిగ్రీల్లో ఆరబెట్టాలి, తర్వాతే కాల్చాలి. ఆరబెట్టకుండా పరీక్ష చేసేవాణ్ణి మనిషిగానే లెక్కచేసేవాడు కాదు. రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేక కొత్తగూడెంలో ఒక కాలేజీ ల్యాబులో చేరాడు. అక్కడ కిడ్నీ రాళ్లను మెల్లగా వేడిచేస్తూ తూచే మిషనుంది. ఏ వేడికి ఎంత బరువు పోయిందో గీత గీస్తుంది. గీతను చూసి రాయి ఏ రకమో లెక్చరర్ శ్రీదేవి రాసిస్తుంది.

ఆ రోజు టేకులపల్లి పక్క తండా నుంచి బద్యా తన భార్య పూలి రాయి తెచ్చాడు. ఆమెకు అది మూడో ఆపరేషన్.

"ఇగ మళ్లొస్తే కిడ్నీయే తీసేస్తమన్నరు సారూ. జర మంచిగ చూడుండ్రి."

మంచిగా చూడాలనే కుమారస్వామి సగం ముక్కను ముందు ఓవెన్‌లో ఆరబెట్టాడు. తలుపు తీస్తే మూత్రం వాసన గుప్పుమంది. పట్టించుకోలేదు. మిషనులో గీత తొలి వంద డిగ్రీలూ తిన్నగా సాగింది. "ఇన్ఫెక్షన్‌తో పెరిగే రాయి కాదు, అంత భయం లేదు అంకుల్" అంటూ శ్రీదేవి సంతకం చేసింది. బద్యా సంబరంగా నాలుగింటి బస్సుకు బయల్దేరాడు.

టిఫిన్ డబ్బా తెరిచాక ఓవెన్‌లోని ఆ వాసన గుర్తొచ్చింది. ఇన్ఫెక్షన్ రాయి నీళ్లూ, అమ్మోనియా వదిలేది ఆ కాస్త వేడికే. మిషను చూడాల్సిన బరువు తగ్గుదలను తన ఓవెన్ ముందే తినేసింది. డబ్బా మూసేశాడు. చెప్తే ఈ ఉద్యోగం ఊడుతుంది, చెప్పకుంటే పూలి కిడ్నీ పోతుంది. ఇందులో ఆలోచించడానికేముందని తననే తిట్టుకున్నాడు.

"తప్పు జేసిన మేడం. బొగ్గును జేసినట్టు ఆరబెట్టిన."

శ్రీదేవి ముఖం పాలిపోయింది. వెంటనే మిగిలిన సగాన్ని మిషనులో పెట్టింది. గీత తిన్నగా ఉండాలని కుమారస్వామి భద్రాద్రి రాముడికి మొక్కాడు. ఎనభై డిగ్రీల దగ్గర గీత జర్రున జారింది.

గడియారం చూసి బస్టాండుకు పరుగెత్తాడు. బస్సు స్టార్టయి ఉంది. కిటికీ పక్కన బద్యా ఫోన్ చెవికి పెట్టుకొని నవ్వుతున్నాడు.

"ఆ కాగితం తప్పు బద్యా. అది ఇన్ఫెక్షన్ రాయే. మందులు వాడకుంటే మళ్లొస్తది. దిగు, డాక్టర్ దగ్గరికి పోదాం."

బద్యా నవ్వు ఆగిపోయింది. "ఇగ భయం లేదని పూలికి ఇప్పుడే జెప్పిన సారూ. ఏడుస్తున్నది, సంతోషంతోని. ఇంక లైన్లనే ఉన్నది."

కుమారస్వామి కిటికీలోంచి చెయ్యి చాపాడు.

"ఫోన్ ఇటియ్యి. తప్పు నాది, నేనే జెప్త."