అమ్మవారి బుట్టలో ముక్కు పెట్టిన పొద్దు

నేను పిల్లలకు కౌన్సెలింగ్ చేస్తాను. తిరుపతిలో నాకొక గది, రెండు కుర్చీలు, ఒక ఫ్యాను ఉన్నాయి. ఆ గదిలో పని జరిగిన రోజులు మాత్రం తక్కువ. ఈడొచ్చిన పిల్లను ఎదురు కుర్చీలో కూర్చోబెట్టి "నీ మనసులో ఏముందో చెప్పమ్మా" అంటే ఏం చెబుతుంది? ఫ్యాను వైపు చూస్తుంది. అందుకే కార్వేటినగరం దారిలో తెలిసినవాళ్ళ మామిడితోటకు తీసుకెళ్తాను. అక్కడ పాదులు తవ్వుతాం, నీళ్ళు పోస్తాం, చెట్టు కింద ఊరకే కూర్చుంటాం. చేతికి పనుంటే నోరు దానంతటదే వదులవుతుంది. మా ఆయన మాత్రం "పిలకాయల్ని కూలికి తోలుకపోతా దానికి పెద్ద పేరొకటి పెట్టినావు" అని ఎగతాళి చేస్తాడు. ఆయన్ను ఒకసారి తోటకొచ్చి కాసేపు కూర్చోమన్నాను. దోమలున్నాయని కారు దిగలేదు.

మొన్నటి ఎండాకాలంలో తిరుచానూరు నుంచి ఒకాయన కూతుర్ని వెంటబెట్టుకొచ్చాడు. వాళ్ళది గుడికి పూలమాలలు కట్టే ఇల్లు, తాతల నాటి నుంచీ అదే పని. ఆ పిల్ల ఇంటర్ మొదటి ఏడాది హాస్టల్లో చదివి సెలవులకు ఇంటికొచ్చింది. వచ్చినప్పటి నుంచి మాట తగ్గుతూ తగ్గుతూ పూర్తిగా ఆగిపోయింది. అన్నం తింటుంది, ఇంటిపని చేస్తుంది, అడిగితే తలూపుతుంది. అంతే.

పిల్ల బయట చెప్పులు వేసుకుంటూ ఉంటే ఆయన గొంతు తగ్గించి అన్నాడు. "జూన్‌లో కాలేజీ తెరుస్తారు మేడమ్. ఆడ జరగరానిది ఏమన్నా జరిగిందేమో తెలీదు. ఏమీ లేదేమో, అదీ తెలీదు. బంధువులందరూ చుట్టూ కూచోని అడిగినారు. చెప్పలా. ఏమైందో తెలీకుండా మళ్ళా ఆడికే ఎట్ట పంపేది? ఏ కారణమూ లేకుండా చదువు ఎట్ట మాన్పించేది?"

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకూ దిగులేసింది.

మామిడితోటకు చాలాసార్లు తీసుకెళ్ళాను. ఆ పిల్ల చక్కగా పాదులు తవ్వింది, చెట్టుచెట్టుకూ నీళ్ళు మోసింది, మాట మాత్రం రాలేదు. ఆ మౌనం భరించలేక మాట్లాడింది నేనే. నాకు ఓపిక తక్కువ, ఈ పనిలో ఎలా నెగ్గుకొస్తున్నావే అని మా అక్క ఇప్పటికీ అడుగుతుంది. వాన గురించి చెప్పాను, చీమల గురించి చెప్పాను, చివరికి మా పెళ్ళిలో సాంబారు తక్కువైన సంగతి కూడా చెప్పాను. అన్నిటికీ తలూపింది. ఎవరు ఎవరికి కౌన్సెలింగ్ చేస్తున్నారో నాకే తెలియకుండా పోయింది.

సెలవులు అయిపోవచ్చాయి. "శుక్రవారం తెల్లారుజామున నాతో పూలతోటకు మాత్రం పిలవకుండానే వస్తాది," అని తండ్రి ఒక మాట అన్నాడు. ఆ మాట ముందే చెప్పి ఉండకూడదా అని విసుక్కున్నాను. కాలేజీ సోమవారం తెరుస్తారనగా ఆ శుక్రవారం నేనూ పోయాను.

తోట ఒక పెద్దామెది. మేం వెళ్ళేసరికే పూలు కోసేసి ఉంది. మార్కెట్‌కు పోయే బుట్టలు గట్టు మీద వరసగా పెట్టింది. ఒక బుట్ట మాత్రం కొమ్మకు తగిలించి ఉంది. పైన మల్లెమొగ్గలు, అడుగున పన్నీరు రోజాలు.

పిల్లల చేత దీర్ఘంగా శ్వాస తీయించడానికి నేనొక పూల పద్ధతి వాడతాను. కళ్ళు మూసుకుని వాసన పీల్చాలి, కాసేపు పట్టి ఉంచాలి, మెల్లగా వదలాలి. ఎలాగో చేసి చూపిద్దామనుకున్నాను. మోకాళ్ళ నొప్పులతో గట్టు దాకా ఎవరు వంగుతారని, కొమ్మకున్న బుట్టను దగ్గరికి లాక్కుని, అందులో మొహమంతా పెట్టి, ఊపిరితిత్తులు నిండేలా పీల్చాను.

"మేడమ్, అది అమ్మవారి బుట్ట."

కొంచెం బొంగురుగా ఉన్న గొంతు. అంతకు ముందు నేనెప్పుడూ వినలేదు. కళ్ళు తెరిచాను. ఆ పిల్ల నా వైపు కోపంగా చూస్తోంది.

"నేలమీద పెట్టకుండా కొమ్మకు ఎందుకు తగిలిస్తారు? వాసన చూసిన పూలు దేవుడికి పెట్టకూడదని మీకు తెలీదా?"

తెలుసు. పుట్టింది తిరుపతిలో, తెలియకేం. సిగ్గుతో చచ్చిపోయాను. అదే సమయంలో ఆ పిల్ల ఇంకో రెండు తిట్లు తిడితే బాగుండునని కూడా అనిపించింది. తండ్రి మాత్రం బుట్టను చూడడమే మరిచిపోయి కూతుర్నే చూస్తూ నిలబడ్డాడు.

పెద్దామె లెంపలేసుకుంది, నా చేతా వేయించింది. "సరిపాయ. ఇంగ ఆ బుట్ట గుడికి పనికిరాదు. ఎండ ఎక్కకముందే ఇంకో బుట్ట కొయ్యాల. ముక్కు పెట్టినోళ్ళే కొయ్యాల," అంది.

నేనూ ఆ పిల్లా ఒక సాలులోకి దిగాం. ఆమె చెట్టుకు అటువైపు, నేను ఇటువైపు. కాసేపు నా కోతను తిట్టింది. తర్వాత తిట్లు తగ్గి మాటలు మొదలయ్యాయి. హాస్టల్లో కిటికీలు తెరవనివ్వరట. పొద్దెక్కిందో వాలిందో గడియారం చూస్తేనే తెలుస్తుందట. నేను నోరు మూసుకుని మొగ్గలు కోశాను. నా జీవితంలో అంత కష్టపడి నోరు మూసుకున్నది అప్పుడే.

"నాకు ఆడ..." అంటూ ఉండగానే ఠక్కున ఆగిపోయింది.

ఏమైందని చూశాను. తండ్రి గట్టు మీద కూర్చుని, పాడైన బుట్టను ముందు పెట్టుకుని, సంచిలోంచి అరటినార తీసి పూలు కట్టడం మొదలుపెట్టాడు. ఖాళీగా కూర్చోవడం ఆయన చేతులకు తెలీదు. పిల్ల ఆ చేతుల్నే చూస్తోంది.

"ఇప్పుడే కట్టాలా? పిల్ల మాట ఆపేసింది!" అని ఆయన మీద కసురుకున్నాను.

ఆయన పని ఆపి, తల పక్కకు తిప్పుకుని చెప్పాడు. "మా ఇంట్లో పూలు కట్టేటప్పుడు ఎవురూ నోరు తెరవకూడదు మేడమ్. పూలమీద నోటి తుంపర పడితే అపచారం. చిన్నప్పటి నించి అట్టే అలవాటు చేసినాము."

"రోజుకు ఎంతసేపు కడతారు?"

"పెండ్లిండ్ల కాలం గదా. తెల్లారి కూచుంటే దీపాలు పెట్టేదాకా. నేనూ, మా ఇంటామె, అందరమూ..."

ఆయన నార ఒళ్ళో పెట్టి కూతురి వైపు తిరిగాడు.

"సెలవులకు వచ్చినప్పటి నించి చెప్దామనే చూస్తాండా నాయనా," అంది ఆ పిల్ల, చెట్టు వెనక నుంచి. "నువ్వు కడతానే ఉండావు."

ఆయన నార మళ్ళీ చేతిలోకి తీసుకుని, పక్కన గట్టు మీద మట్టి దులిపాడు.

"ఇవి అమ్మవారివి కావు గదమ్మా. రా, కూచో. మాట్లాడు."

ఆయన కడుతూ ఉంటే ఆ పిల్ల పక్కన కూర్చుని మొగ్గలు అందిస్తూ చెప్పింది. జరగరానిది ఏమీ జరగలేదు. ఆ మూసిన గదిలో ఉండలేకపోతోంది. చదువుతుంది, కానీ ఇంటి నుంచి బస్సులో పోయి చదువుకుంటుంది. "అంతేనా?" అని ఆయన మళ్ళీ మళ్ళీ అడిగాడు, "అంతే నాయనా" అని ఆమె మళ్ళీ మళ్ళీ చెప్పింది. అమ్మవారి బుట్ట నిండేదాకా ఎండలో పూలు కోసింది మాత్రం నేనొక్కదాన్నే.

సోమవారం తండ్రీకూతుళ్ళు హాస్టల్‌కు పోయి పెట్టె తెచ్చుకున్నారు. ఇప్పుడు ఆ ఇంట్లో దీపాలు పెట్టాక ఒక మూర పూలు గుడికి కాకుండా విడిగా కడుతున్నారట. కట్టేది నాయన, పక్కన కూర్చుని మాట్లాడేది కూతురు, కట్టడం అయ్యాక ఆ పూలు పిల్ల జడలోకి. ఈ మధ్య ఆ మూర పొడుగవుతోందని వాళ్ళమ్మ ఫోన్ చేసి చెప్పింది.