అన్నను విడిచి నడిచిన దారి

రాయమల్లు నడకకు పేరున్నవాడు. గోదావరిఖనిలో బొగ్గుబాయి దిగి టబ్బులు నింపే పని అతనిది. పొద్దుటి షిఫ్టు దిగాక అన్నను చూడాలనిపిస్తే బండి కోసం ఆగేవాడు కాదు. తువ్వాల భుజాన వేసుకుని బయలుదేరితే దీపాలు పెట్టే వేళకు కమాన్‌పూర్ పక్క ఊళ్లో అన్న వాకిట్లో ఉండేవాడు.

అన్న గట్టయ్య అతనికంటే పన్నెండేళ్లు పెద్ద. తండ్రి పోయినప్పుడు రాయమల్లుకు ఆరేళ్లు. అప్పటినుంచి వాణ్ణి సాకింది గట్టయ్యే.

అరవై ఎనిమిది వానాకాలంలో బాయిలో పైకప్పు కూలి రాయమల్లు లోపల చిక్కుకుపోయాడు. కబురు తెలిసి గట్టయ్య అరక అట్లాగే వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. పొద్దు గుంకేదాకా బాయి మొగదల నిలబడి మేడారం తల్లికి మొక్కుకున్నాడు. "తల్లీ సమ్మక్కా, నా తమ్ముడు పానంతోని బయటికొస్తే ఇద్దరం కలిసి కాలినడకన వచ్చి నీకు బంగారం పెడ్తం." ఆ తల్లికి పెట్టే బెల్లాన్నే అక్కడివాళ్లు బంగారం అంటారు. రాయమల్లు భుజం ఎముక విరిగి, ప్రాణంతో బయటపడ్డాడు.

జాతర రెండేళ్లకోసారి. డెబ్బయిలో మాఘం రాగానే అన్నదమ్ములు బయలుదేరారు. బెల్లం, బియ్యం గట్టయ్య మూటలో. దుప్పట్లు, గిన్నె, నీళ్ల సొరకాయబుర్ర రాయమల్లు మీద. మంథని దాటి, కాటారం దాటి, మూడోనాటికి నట్టడవిలోకి వచ్చారు.

అడవి అన్నమాటే గాని అక్కడ ఒంటరిగా నిలబడేందుకు జాగా లేదు. ఎడ్లబండ్ల వెనుక ఎడ్లబండ్లు, వాటి పక్కన డప్పులు, శివాలూగే ఆడవాళ్లు, తాళ్లతో లాక్కెళ్తున్న మేకలు. దుమ్ముకు టేకాకులు ఎర్రబారిపోయాయి. ఆ రోజు గురువారం. సాయంత్రానికి సమ్మక్క గుట్ట దిగి గద్దె మీదికి వస్తుంది. ఆ రాకను కళ్లారా చూడాలని రాయమల్లు ఆరాటం.

గట్టయ్యకు ముందురోజే అరికాలు పగిలి నెత్తురు కారింది. గుడ్డ చుట్టుకుని కుంటుతూ నడుస్తున్నాడు. నాలుగడుగులకోసారి రాయమల్లు ఆగాల్సి వస్తోంది. ఆగిన ప్రతిసారీ ఎవరో ఒకరు దాటిపోతున్నారు. అది అతనికి కొత్త.

ఒక జాము పొద్దెక్కాక వెనుకనుంచి బాయి పనివాళ్ల గుంపు వచ్చింది. ముందున్న సదయ్య, రాయమల్లు షిఫ్టువాడే, నవ్వుతూ కేకేశాడు.

"ఏంది బావా, నువ్వేనా? గిట్ల నడుస్తె తల్లి వచ్చిపోయినంక చేరుతవు!"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. రాయమల్లు ముఖం చిన్నబోయింది. అన్న దగ్గరికి వెళ్లి, అతని కళ్లలోకి చూడకుండా అన్నాడు. "అన్నా, నువ్వు మెల్లగ రా. నేను ముందుగాల పోయి జాగ చూస్త. మేడారం ముందర జంపన్నవాగు కాడ కలుద్దం."

"మొక్కు ఇద్దరిది గదరా తమ్మీ."

"ఇద్దరం వస్తనే ఉన్నం గద. వాగు కాడనే ఉంట."

గట్టయ్య మూట దించి ఒక చెట్టు మొదట్లో కూర్చున్నాడు. రాయమల్లు గుంపులో కలిసి పెద్ద పెద్ద అంగలేశాడు. ఎంత హాయిగా నడిచాడో ఆ పూట! పాటలు పాడాడు, ఎడ్లను దాటాడు.

ఎండ నడినెత్తికి వచ్చాక దాహమేసి బుర్ర ఎత్తాడు. అప్పుడు గుర్తొచ్చింది, నీళ్లన్నీ తన దగ్గరే ఉన్నాయని. వెనక్కి తిరిగి చూశాడు. దారి నిండా జనం, అందరి ముఖాలూ ఇటువైపే. వాళ్లందరికీ ఎదురు పోవాలి. "ఎవరో ఒకరు పోస్తరులే" అనుకున్నాడు. రెండు గుటకలు తాగి, మూత బిగించి, ముందుకే నడిచాడు.

వాగు దగ్గర కాసేపు నిలబడ్డాడు. ఇసుక కనబడనంత జనం. తల్లి బయలుదేరిందని కేకలు వినబడగానే పరుగెత్తాడు. సమ్మక్కను చూశాడు. తిరిగి వాగుకు వచ్చి అన్న పేరు పెట్టి పిలిచాడు. ఆ హోరులో తన గొంతు తనకే వినబడలేదు. మర్నాడు మధ్యాహ్నందాకా వెతికాడు. సదయ్యవాళ్లకు లారీ దొరికింది, సెలవు అయిపోవచ్చింది. రాయమల్లు లారీ ఎక్కాడు.

గట్టయ్య ఆరు రోజుల తర్వాత ఎవరిదో బండిలో ఇల్లు చేరాడు. పుండు చీము పట్టింది. దవాఖానలో పాదం సగం తీసేశారు. చూడటానికి వచ్చిన రాయమల్లుకు వదినె సారవ్వ మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. అన్న మాత్రం మంచం మీద పక్కకు జరిగి చోటిచ్చాడు.

"బంగారం పెట్టినవా అన్నా?" రాయమల్లు అడిగాడు.

"పెట్టిన."

"తల్లికి ఏం చెప్పినవ్?"

"తమ్ముడు ఎనుక వస్తున్నడు తల్లీ, కాళ్లు నొస్తున్నయి, జర ఆలిశమైతదని చెప్పిన."

అన్న తిట్టి ఉంటే రాయమల్లు అతని కాళ్లు పట్టుకునేవాడు. తిట్టలేదు. తర్వాత కూడా ఆ మాట ఇద్దరి మధ్యా రాలేదు. వారం వారం వచ్చి అన్న పొలం దున్నాడు, కట్టెలు కొట్టాడు. ఒకసారి "బండి కడ్త, మల్ల పోదమా?" అన్నాడు. గట్టయ్య నవ్వి, "ఇగ నాతోని కాదురా" అన్నాడు. డెబ్బయి అయిదు ఎండాకాలంలో జ్వరమొచ్చి పోయాడు.

మరుసటి మాఘంలో జాతరకు రాయమల్లు ఒక్కడే నడిచి వెళ్లాడు. బస్సులు పోతున్నా ఎక్కలేదు. ఒక కుంటి ముసలమ్మ కనబడితే ఆమె వెనుకనే, ఆమె అడుగుకు ఒక అడుగేస్తూ పోయాడు. అన్న కూర్చున్న చెట్టు కోసం చూశాడు. దారి వెడల్పు చేసి కంకర పోశారు, పక్క చెట్లు కొట్టేశారు. ఇక్కడేనేమో అనుకున్న చోట ఆగాడు. ఇంకాస్త ముందుకు పోయి అక్కడేమో అనుకున్నాడు. చివరికి ఎక్కడా కూర్చోలేకపోయాడు.