నాలుగో మెట్టు మీద పాప

మా బడికి ట్యాబ్లెట్లు వచ్చిన రోజు నేను సంబరపడ్డానని ఒప్పుకోవాలి. హోసూరుకు అరగంట బస్సు దూరంలో ఉన్న చిన్న తెలుగు బడి మాది. ఐదు తరగతులకు ఇద్దరమే, నేనూ హెడ్మాస్టరూ. అరిచి అరిచి గొంతు పోయిన మనిషిని, ఇక చదివించడం రాయించడం ఆ ట్యాబ్లెట్టే చూసుకుంటుందంటే నాకేం చేదు? పిల్ల వేలితో తెర మీద అక్షరం దిద్దితే అది చప్పట్లు కొట్టేది. పాఠం గట్టిగా చదివితే విని మెట్టు చెప్పేది. ఒకటో మెట్టు అక్షరాలు, రెండు మాటలు, మూడు వాక్యాలు, నాలుగు కథలు. మెట్టెక్కితే ఆకుపచ్చ, లేకపోతే ఎరుపు. ఫలితం పైకి పంపాక, ఎక్కిన పిల్లను మళ్ళీ కిందికి దించడం మాత్రం నా చేతుల్లో లేదు. అప్పట్లో ఆ సంగతి నేను పట్టించుకోలేదు.

ఎరుపు ఎక్కువున్న బడి టీచర్లను కృష్ణగిరిలో జరిగే జిల్లా మీటింగులో లేపి నిలబెట్టేవారు. మత్తూరు దగ్గర నాతో కలిసి పనిచేసిన ఒకావిడ అలా నిలబడి నేల చూపులు చూడటం నేను కళ్ళారా చూశాను. ఇరవై ఏళ్ళు పాఠాలు చెప్పిన మనిషి. నాకు ఒళ్ళు మండింది. అంతకన్నా ఎక్కువ భయం వేసింది.

పిల్లలకు ఆ భయం లేదు, వాళ్ళకు ముయ్యి తెలుసు. ఈ చుట్టుపక్కల రాగి కోతలకు ఒకరికొకరు కూలి ఇచ్చుకోరు. ఇవాళ మీ చేలో మేం కోస్తే రేపు మా చేలో మీరు కోయాలి. దాన్నే ముయ్యి అంటారు. ఒకరోజు చదివే గంటలో గోల వినపడక, అనుమానం వచ్చి చూశాను. ఐదో తరగతిలో బాగా చదివే పిల్ల ఒక్కతే వరసగా అందరి ట్యాబ్లెట్లలోనూ చదివేస్తోంది. మిగతావాళ్ళు దాని వంతు గది ఊడుస్తున్నారు, దాని సీసాలో నీళ్ళు నింపి తెస్తున్నారు.

"ఏందే ఇది?" అని కేకేశాను.

"ముయ్యి టీచర్," అంది ఆ పిల్ల, ఇది కూడా తెలీదా అన్నట్టు. "నాకు చదివేది వస్తాది. వీళ్ళకి ఊడ్చేది వస్తాది."

నవ్వు ఆపుకుని తిట్టాను, ఇంకా పైకి పంపని ఆ చదువులన్నీ చెరిపేశాను. ఆ వారమంతా ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని మళ్ళీ చదివించాను. మెట్లు పైకి పంపాల్సిన నెలాఖరు గడువు రోజు మధ్యాహ్నానికి ఒక్క పాప మిగిలింది. అదీ ఐదో తరగతే. గొర్రెలు మేపే వాళ్ళ ఇంటి పిల్ల, తల్లి ఇప్పుడు గులాబీ తోటల్లో పూలు కోసే పనికి పోతోంది. పాపకు అక్షరాలే సగం రావు. నాలుగుసార్లు చదివిస్తే నాలుగుసార్లూ ఎరుపే. ఇంకో పది నిమిషాల్లో గడువు అయిపోతుంది, నెట్ వస్తూ పోతూ ఉంది. అప్పుడు నేనే ఆ బాగా చదివే పిల్లను పిలిచి, "దీనికొక్కదానికి చదివిపెట్టవే" అన్నాను.

ఆకుపచ్చ వచ్చింది, నాలుగో మెట్టు. 'మీ పాప ధారాళంగా చదువుతోంది' అని తల్లి సెల్లుకు వాయిస్ మెసేజ్ కూడా పోయింది.

మర్నాటి నుంచి ఆ పాపకు ట్యాబ్లెట్‌లో నాలుగో మెట్టు కథలే తెరుచుకున్నాయి. పలక మీద నేర్పొచ్చు కదా అంటారేమో. నేర్పాను, భోజనాల తర్వాత పావుగంట. మూడో రోజుకు పాప పలక దాచేసింది. ఆకుపచ్చ గుంపులో ఉండి అ ఆలు దిద్దుతోందని పిల్లలు నవ్వారట. ఆపైన కథ తెరుచుకుని, చదువుతున్నట్టు పెదాలు కదుపుతూ కూర్చునేది. నేను చూస్తున్నానని దానికి తెలుసు, దానికి తెలుసని నాకూ తెలుసు. ఇద్దరం ఒకే అబద్ధంలో ఇరుక్కుపోయాం. జూన్‌లో పాప ఆరో తరగతికి హోసూరు పెద్ద బడికి వెళ్ళిపోతుంది. ఇంకా మూడు నెలలే ఉన్నాయి.

ఆ రోజుల్లోనే పాప మేనమామ పెళ్ళి కుదిరింది. అచ్చయి వచ్చిన మొదటి పత్రికకు పసుపు పూసి, దేవుడి పటం ముందు పెట్టి, పెద్దలందరూ వినేలా గట్టిగా చదవడం ఆ ఇంటి ఆచారం. తన పేరు వినపడని మనిషి అలిగి లేచిపోతాడు. అందుకని చదవడానికి ప్రతిసారీ టీచర్నే పిలుస్తారు. నేను వెళ్ళాను. పత్రిక అందుకోబోతుంటే తల్లి నన్ను ఆపింది.

"మీకెందుకు శ్రమ టీచరమ్మా? మా పాప చదువుతాది. సెల్లులోనే చెప్పినారు గదా!"

చాప మీద పాతికమంది. "చదువమ్మా, మా నాయన పేరు యాడేసినారో చూస్తాం" అన్నాడు ఒక ముసలాయన. పాప పత్రిక పట్టుకుని నా వైపు చూసింది. నిజం చెప్పేయాలనుకున్నాను. తల్లి అప్పటికే అందరి వైపూ చూసి నవ్వుతోంది. పాప వెనక్కి జరిగి, కొంగు సర్దుకుంటున్నట్టు తల వంచి, ఒక్కో పేరూ గుసగుసగా చెప్పాను. అది ఒక్కో పేరూ గట్టిగా పలికింది. ఒక్క పేరు కూడా తప్పిపోలేదు. తల్లి కళ్ళు తుడుచుకుంది. నాకు సిగ్గుతో తల తీసేసినట్టయింది.

నన్ను బస్సెక్కించడానికి పాప రోడ్డు దాకా వచ్చింది. బస్సు కనపడ్డాక నా చెయ్యి పట్టుకుంది.

"పెద్ద స్కూలుకి గూడా మీరు నాతో వస్తారా టీచర్?"

నేను చెయ్యి విడిపించుకుని బస్సెక్కాను.

మెట్టు దించాలంటే హెడ్మాస్టరు ద్వారా అర్జీ పెట్టాలి. మర్నాడు పొద్దున్నే ట్యాబ్లెట్‌లో ఆ అర్జీ తెరిచాను. కారణం ఏమిటని అడిగి, కింద అదే కొన్ని కారణాలు చూపించింది: నెట్ సమస్య, పాప పేరు తారుమారైంది, ట్యాబ్లెట్ పాడైంది. ఏదో ఒకటి నొక్కితే సరిపోయేది. వేలు వాటి మీద చాలాసేపే ఆగింది. చివరికి 'ఇతర కారణాలు' తెరిచి, చదివింది వేరే పాప, చదవమన్నది నేను, అని రాసి ట్యాబ్లెట్‌ను హెడ్మాస్టరు బల్ల మీద పెట్టాను.

ఆయన రెండుసార్లు చదివారు. "ఇది పంపితే బడి మొత్తానికీ మళ్ళీ పరీక్ష పెడతారమ్మా. కొత్తవాళ్ళ ముందర పిల్లలు బెదిరిపోతే అంతా ఎరుపే వస్తాది. ఉండేదే పద్దెనిమిది మంది. మూసేసేదానికి ఈ మాత్రం చాలు వాళ్ళకి."

ఆ మాట అబద్ధం కాదు. ఆయన చెడ్డవాడూ కాదు. గోడ అవతల పిల్లలు చదువుతున్న గొంతులు వినపడుతున్నాయి, ఆ ఒక్క గొంతు తప్ప.

"పంపండి సార్," అన్నాను.

నేనే ట్యాబ్లెట్ తీసుకుని పంపు నొక్కగానే, అది కొడితేగానీ అర్జీ కదలని ఓటీపీ ఆయన సెల్లుకు వచ్చింది. ఆయన సెల్లు బోర్లించి దాని మీద చెయ్యి పెట్టుకున్నారు. నేను ట్యాబ్లెట్ పట్టుకుని అక్కడే నిలబడ్డాను.